బిగించకూడని మర

ఫోన్ మోగేసరికి ఆమె గిన్నెలు తోముతోంది. సబ్బు చేతుల్తోనే అందుకుని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది. అవతల పెద్ద సెలూన్ యజమానురాలు.

"గోళ్ళ పనికి ఒక్క కుర్చీ ఖాళీ ఉందమ్మా. రేపు పొద్దున వచ్చి నా చేతులకే చేసి చూపించు. రక్తం చుక్క కనిపించిందా, వచ్చిన దారినే వెళ్ళిపోవాలి. పనిముట్లు నీవే తెచ్చుకో."

ఆమె వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి గంతులేసింది. భర్త ఆమెను పిచ్చుక అని పిలిచేది ఇందుకే. పెళ్ళయి నెల తిరగలేదు. ఒకే రంగు కప్పులు రెండు దొరికితేనే సంబరపడిపోయే రోజులు. అయితే ఆమె పనిచేసిన పార్లర్ మూతపడ్డప్పటి నుంచి ఎక్కడికెళ్ళినా "కబురు చేస్తాం" అన్నవాళ్ళే గానీ చేసినవాళ్ళు లేరు. ఇంట్లో కూర్చుంటే చేతులు తుప్పు పట్టిపోతాయని ఆమె భయం.

"చూశావా, నేను ముందే సిద్ధం చేశా!" అన్నాడు భర్త. అతను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తాడు. "నీ నిప్పర్ మర లొడలొడలాడుతోందని షాపుకి పట్టుకెళ్ళి బిగించేశా. పదును చూద్దామని ఫ్రేము తీగ కూడా కత్తిరించా. టక్కున తెగింది!"

పిచ్చుక గంతు మధ్యలోనే ఆగిపోయింది.

నిప్పర్ అంటే గోరు మొదట్లో లేచిన చర్మపు పోగుల్ని కత్తిరించే బుల్లి పనిముట్టు. మెత్తటి చర్మం తప్ప మరేదీ దాని నోట పెట్టకూడదు, గోరు కూడా. ఆ మర కాస్త వదులుగా ఉండాలనే ఆమె దాన్ని అలా ఉంచుకుంది. డబ్బా తెరిచి దీపానికేసి పట్టి చూసింది. మొనలు ఒకదానిమీదొకటి ఎక్కి కూర్చున్నాయి. ఒక మొన చివర ఎలక కొరికినట్టు చిన్న గంటు.

"తీగ కత్తిరించావా? నా నిప్పర్‌తోనా?"

"వదులైన మర కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు, పిచ్చుకా..."

"నీ చేతులు విరగ్గొట్టా!" అంటూనే ఆమె చెప్పులేసుకుంది. అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెనకే పరిగెత్తాడు.

సౌందర్య సామాన్ల షాపులో షట్టరు సగం దించేశారు. ఇద్దరూ వంగి లోపలికి దూరారు. షాపావిడ విసుక్కుంటూనే నిప్పర్లు గాజుబల్ల మీద పోసింది. బంగారు పూతవీ, పిడి మీద పువ్వులున్నవీ తళతళలాడాయి. పిచ్చుక ఒక్కొక్కటీ మూసి ట్యూబ్‌లైటుకేసి పట్టింది. ఒకదాని మొనల మధ్యనుంచి వెలుతురు కనిపించింది. ఇంకోదాని స్ప్రింగు మొరాయించింది. మరొకటి తడిపిన టిష్యూ కాగితాన్ని కోయకుండా పీకింది.

"కొంటావా, కాపురం చేస్తావా దాంతో?" అంది షాపావిడ.

"నన్ను కూడా ఇంత పరీక్షగా చూడలేదండీ," అన్నాడు భర్త.

"చూసుంటే ఈ గతి పట్టేది కాదు," అంది పిచ్చుక తల ఎత్తకుండా.

అడుగున ఏ పూతా లేని ఉత్త స్టీలుది ఒకటి దొరికింది. మూస్తే వెలుతురు రాలేదు. తడి కాగితాన్ని చప్పుడు లేకుండా కోసింది. ఆ క్షణాన షాపావిడ రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకోవాలనిపించింది ఆమెకు.

ఇంటికొచ్చి దాన్ని గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడిగి, తడి లేకుండా తుడిచి, మర దగ్గర ఒక్క నూనె చుక్క వేసి, స్పిరిట్‌తో మొనలు శుభ్రం చేసింది. భర్త అప్పటికే వేళ్ళు వేణ్ణీళ్ళలో నానబెట్టుకు కూర్చున్నాడు.

మొదటి వేలికే రక్తం.

పాత నిప్పర్ మొద్దుబారి చాన్నాళ్ళయింది. నొక్కితే గానీ తెగేది కాదు. ఆమె చెయ్యి ఆ నొక్కుడికి అలవాటుపడిపోయింది. కొత్తదేమో ఆనిస్తే చాలు దిగిపోతోంది. మొన మళ్ళీ తుడిచి రెండో వేలు పట్టుకుంది.

"నొప్పిగా ఉందా?"

"అబ్బే, హాయిగా ఉంది."

మళ్ళీ ఎర్రటి చుక్క. మూడో వేలికీ అంతే. కాస్త తేలిగ్గా పట్టుకుంటే మొన జారుతోంది, గట్టిగా పట్టుకుంటే లోపలికి దిగుతోంది. ఎక్కడ ఆపాలో ఆమెకు అంతు చిక్కలేదు. ఎడమచెయ్యి అయిపోయింది. కుడిచెయ్యి మొదలైంది. తెగిన వేలికల్లా ఓ కట్టు పడింది, బల్లమీద దూది ఉండలు ఎర్రగా పోగుపడ్డాయి.

"ఇప్పుడు?"

"తెలియనే లేదు. నీ చెయ్యి పువ్వులా ఉంది."

ఆమె తల ఎత్తి అతని మొహం చూసింది. పెదవి పళ్ళకింద ఉంది. కళ్ళ చివర నీళ్ళు. బల్లకింద పాదాలు మెలిపడి ఉన్నాయి.

"అబద్ధమాడుతున్నావు కదూ?"

"నిప్పర్ పాడుచేసింది నేనేగా. ఈ పాటి ఓర్చుకోకపోతే ఎలా?"

"నువ్వు ఓర్చుకుంటే నాకెలా తెలుస్తుంది? ఎక్కడ కొరుకుతోందో నువ్వు అమ్మా అంటేగా నా చెయ్యి ఆగేది! మొదటి వేలి నుంచీ నన్ను గుడ్డిదాన్ని చేసి కూర్చోబెట్టావు!"

ఆమె నిప్పర్‌ని దూది మీద పెట్టి, మోకాళ్ళలో తల దాచుకుని ఏడ్చింది. కుర్చీ పోయింది. ఇంక ఎవరు పిలుస్తారు? అతను కట్టు కట్టిన వేళ్ళతో ఆమె తల నిమరబోయి, జుట్టుకి రక్తం అంటుతుందని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇంకా రెండు వేళ్ళు మిగిలాయి," అన్నాడు మెల్లగా. "ఈసారి అరుస్తాను. వీధి చివరిదాకా వినబడేలా అరుస్తాను."

ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ముక్కు తుడుచుకుంది. ఎడమచెయ్యి చాచి వేళ్ళు చూసుకుంది.

"వద్దు. నువ్వరిచినా నాకు సగమే తెలుస్తుంది," అంది. "రేపు తెల్లవారగానే వేణ్ణీళ్ళు పెట్టు. నా ఎడమచేతి వేళ్ళు నేనే చేసుకుంటాను. ఎక్కడ కొరుకుతుందో నా వేలికే తెలుస్తుంది. చెయ్యి కుదిరితే సెలూన్ ఆవిడ దగ్గరికి పోదాం. కుదరకపోయినా పోదాం, ఆ కట్లు చూపించి ఇంకొక్క వారం గడువు అడుగుతా. నువ్వు పక్కనే నిలబడు. మరలు మాత్రం ముట్టుకోకు."