ఐదో ఫారం

దారాన్ని మైనంముద్ద మీద రుద్ది, బైండింగ్ షాపులో కుట్టుపని ఆవిడ మళ్లీ సూది ఎక్కించింది. పదహారు పేజీలకో ఫారం, ఎనిమిది ఫారాలకో పుస్తకం. ముప్పై ఏళ్లుగా కుడుతున్న ఆ చూపుడువేలి కొస కాయకాచి గవ్వలా మెరుస్తుంది.

కటింగ్ మిషను దగ్గర్నుంచి కుర్రాడి కేక వినిపించింది.

"అక్కా, కొంప ముంచావు! తెల్ల అట్ట పుస్తకంలో పసుపు అట్టదాని ఐదో ఫారం కుట్టేశావు. పదకొండు కాపీలు! ఓనరు చూస్తే మనిద్దరికీ ఇక్కడే నిర్వాణం."

ఆమె నవ్వలేదు. ఇన్నేళ్లలో ఇదే మొదటి పొరపాటు. రెండు పుస్తకాలూ నిర్వాణం గురించినవే. రెండు బౌద్ధ సంఘాలు ఒకే వారం బైండింగుకి ఇచ్చాయి. ఒకే సైజు, ఒకే కాగితం.

కుట్లు విప్పుతూ, కూడబలుక్కుని చదివింది. తెల్లదానిలో ఉంది: నూనె అయిపోతే దీపం ఆరుతుంది, ఆరిన మంట ఎటు పోయిందని అడగకూడదు. పసుపుదానిలో ఉంది: మేలుకున్నవాడు ఒడ్డున ఆగుతాడు, వెనక ఒక్క ప్రాణి ఏడుస్తున్నా దాటిపోడు.

"ఏది నిజం, తమ్ముడూ?"

"నాకు రెండూ ఒకటే బరువక్కా. నీకెందుకిప్పుడు?"

"పోయినోళ్లు పోయినట్టేనా అని."

తన గుండె సగమే పనిచేస్తోందని డాక్టరు చెప్పి పది రోజులైంది. కూతురికి చెప్పలేదు. మూడు నెలల పసిబిడ్డ తల్లి; బిడ్డ తుమ్మినా ఫోను చేస్తుంది. మధ్యాహ్నమూ చేసింది.

"అమ్మా, పాప పాలు కక్కింది. ఏమన్నా అవుతుందా?"

"ఏం కాదే. భుజాన వేసుకుని వీపు నిమురు."

"సాయంత్రం వస్తావుగా?"

"రాక ఎక్కడికి పోతానే, పిచ్చిమొద్దూ?"

ఆ మాట అన్నాక సూదిలోకి దారం ఎక్కలేదు. మూడుసార్లు తడిపింది.

నాలుగింటికల్లా పది పుస్తకాలు సరిచేసి పేర్చింది. పదకొండోది ఒళ్లోకి తీసుకుంది.

"అక్కా, టీ చల్లారిపోతోంది."

అతను వచ్చి భుజం తట్టాడు. తల నెమ్మదిగా పక్కకు వాలింది. బల్ల మీద ఫోను మోగుతోంది. తెర మీద పసిబిడ్డ ఫోటో. దాన్ని ఎత్తడానికి అతనికి చెయ్యి రాలేదు.

ఒళ్లోని పుస్తకంలో పసుపుదాని ఐదో ఫారం అలాగే ఉంది. దాని పక్కనే తెల్లదాని ఐదోది కూడా చేర్చి, రెండింటినీ కలిపి కుట్టింది. ముడి ఇంకా వెయ్యలేదు. దారం చివర సూది వేలాడుతోంది.