శుభ్రమైన చేప

చేపను ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, అది ఏ పూట పడిందో, ఐసులో ఎన్ని రోజులు నిద్రపోయిందో చెప్పేసేది ఆమె. అందుకే రేవులో అందరూ ఆమెను ముక్కుపిన్ని అనేవారు. ముప్పై ఏళ్ళుగా చేపలమ్ముతోంది. నిన్నటి చేపను ఇవాళ్టిదని చెప్పి ఒక్కసారి కూడా అమ్మలేదు. "పిన్ని మంచిదంటే మంచిదే" అన్న మాట తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదు.

నాలుగు నెలల క్రితం నడిసముద్రంలో చమురు తోడే కంపెనీవాళ్ళ గొట్టం పగిలింది. పదకొండు రోజులపాటు సముద్రం నల్లగా కక్కుకుంది. వేట బందు పెట్టారు. పైన తేలిన చమురును కొంత తోడారు, మిగిలినదాని మీద ఏదో మందు చల్లి అడుగుకు పంపారు. ఇప్పుడు పైనుంచి చూస్తే నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కానీ చేప ఒంట్లో చమురు ఉందో లేదో తేలాలి. యంత్రాలు చెప్పాల్సింది చెప్పాక కూడా ఆఖరి మాట మనిషి ముక్కుదేనని నిబంధనల పుస్తకంలో ఉందట. ఏడు ముక్కులు కావాలన్నారు. రేవులో ముక్కుల జాబితా రాస్తూ పిన్నిని వదిలేయడం ఎవరి తరం?

ఆమె తమ్ముడి పడవ నాలుగు నెలలుగా ఇసుకలో బోర్లా పడుకుని ఉంది. ఇంటిల్లిపాదీ దాని మీదే బతకాలి. పరీక్షకు ముందురోజు తమ్ముడు వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"అక్కా, నీకు జలుబు చేసి ఎన్నాళ్ళయింది?"

"ఎందుకురా?"

"ఊరికే అడిగా. రేపు పొద్దున్నే చన్నీళ్ళు పోసుకుని తడిజుట్టుతో వెళ్ళు. మంచిది."

"నా ఒంటికా, నీ పడవకా?"

"రెండూ ఒకటే కదక్కా."

"ఒకటే అయితే నువ్వే పోసుకో" అంది పిన్ని.

ఐసు ఫ్యాక్టరీ మీది గదిలో పరీక్ష పెట్టారు. పౌడరు రాసుకోకూడదు, తలకు నూనె పెట్టకూడదు. టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం చేసి రిటైరైన ఒక తాతగారిని, ఒంటి సబ్బు ఘుమఘుమలాడుతోందని ఇంటికి పంపి మళ్ళీ స్నానం చేయించారు. కళ్ళజోడు మేడం ఏడుగురినీ ఏడు బల్లల దగ్గర కూర్చోబెట్టింది. శాస్త్రం చదివిన అమ్మాయి. గొంతు మెత్తన, పట్టు గట్టి.

ఒక్కొక్కరి ముందూ మూతపెట్టిన గాజు గిన్నెలు, వాటిలో ఉడికించిన చేపముక్కలు. మొదటి గిన్నె మీద "శుభ్రం" అని రాసుంది. అది చమురు సోకని దూరపు సముద్రం నుంచి తెచ్చిన చేప. మిగతా పన్నెండింటి మీదా అంకెలే. ముందు శుభ్రం గిన్నె వాసన చూడాలి, తర్వాత అంకెల గిన్నెలు. మూత తీసి మూడుసార్లు చిన్నగా పీల్చి, మూత పెట్టేసి, ఒక దోసకాయ ముక్క నమలాలి. శుభ్రమైన చేపలో లేని నూనె వాసన తగిలితే "ఉంది" గడిలో, లేకపోతే "లేదు" గడిలో టిక్కు పెట్టాలి. మాట్లాడకూడదు. మొహం కూడా చిట్లించకూడదట, పక్కవాళ్ళు చూసి నేర్చుకుంటారని. ముప్పై ఏళ్ళు బజారులో గొంతు చించుకున్న మనిషికి వాసన చూడటం కంటే నోరు కట్టేసుకోవడమే కష్టమైంది.

పిన్ని శుభ్రం గిన్నె మూత తీసింది. ముందు నీచు వాసన తగిలింది. అది ఉండాల్సిందే, నీచు లేనిది చేపే కాదు. కానీ ఆ నీచు వెనకాల, తలుపు చాటున దొంగలా ఇంకొకటి నిలబడి ఉంది. డీజిలు.

ఆ దొంగను ఆమె ఎరుగును. ఒకసారి తమ్ముడు డీజిలు డబ్బాను ఐసుపెట్టె పక్కనే పెట్టుకుని వచ్చాడు. ఆ రోజు గంపెడు చేపల్ని కుక్కలు కూడా ముట్టలేదు.

"మేడంగారూ, శుభ్రం గిన్నెలోనే డీజిలు కొడుతోందండీ."

మేడం పరుగున వచ్చి గొంతు తగ్గించింది. "పిన్నిగారూ, అది శుభ్రమైన చేపండి. దాంతోనే కదా మిగతావి పోల్చాలి."

"తూకం రాయే దొంగదైతే ఇంకేం తూస్తాం తల్లీ? ఇది తెచ్చిన బండిలో ఏమేం ఉన్నాయో అడుగు."

డ్రైవరును పిలిపించారు. "డబ్బా ఉందండి, జనరేటరు కోసం. మూత మాత్రం గట్టిగా బిగించానండి" అన్నాడతను.

మేడం మొహం పాలిపోయింది. కాగితాలు ముందుకూ వెనక్కూ తిప్పింది. "ఇందులో ఉంది, లేదు అని రెండే గడులున్నాయి పిన్నిగారూ. శుభ్రం గిన్నె గురించి రాయడానికి గడి లేదు."

"గడి లేకపోతే పక్కన రాయమ్మా."

"పక్కన రాస్తే కాగితం చెల్లదండి."

మేడం బయటికి వెళ్ళి పెద్దసారుకు ఫోను చేసింది. మళ్ళీ మొదటినుంచి పెట్టాలంటే రెండు నెలలు పడుతుంది, ఆరుగురికి లేని ఇబ్బంది ఒక్కరికెందుకు, కానివ్వండి అన్నాడాయన. కానిచ్చారు.

ఒక్కో మూతా తీస్తుంటే పిన్నికి బోర్లా పడుకున్న పడవే కళ్ళముందు ఆడింది. పన్నెండు టిక్కులూ "లేదు"లో పెడితే అది లేచి నిలబడుతుంది. డీజిలు గిన్నె పక్కన పెడితే ఏ చేపైనా మల్లెపువ్వే కాబట్టి, మిగతా ఆరుగురూ నిజాయితీగానే "లేదు" పెట్టేస్తున్నారు. పిన్నికి ఐదు గిన్నెల్లో ముడిచమురు వాసన, ఎనిమిదో గిన్నెలో మళ్ళీ ఆ డీజిలే తగిలాయి. ఆరింటికీ "ఉంది" గడిలో టిక్కు పెట్టి లేచింది.

వారం తర్వాత ఫలితం వచ్చింది. ఎనిమిదో గిన్నెలో ఉన్నదీ మొదటి గిన్నెలోని శుభ్రమైన చేపేనట. ముక్కులను పరీక్షించడానికి అంకె తగిలించి కలిపారట. శుభ్రమైన చేపలో నూనె ఉందన్న ముక్కు నమ్మదగింది కాదని పిన్ని కాగితం మొత్తం కొట్టేశారు. మిగిలిన ఆరు ముక్కులూ ఏకగ్రీవంగా సముద్రం బాగుందన్నాయి. వేట తెరిచారు.

రేవంతా ముక్కున వేలేసుకుంది. పిన్ని ముక్కు పాడైందట!

"చూశావా, జలుబు లేకుండానే పని జరిగిపోయింది" అన్నాడు తమ్ముడు నవ్వబోతూ.

"నీ పడవ లేచింది. నా మాట పడిపోయిందిరా" అంది పిన్ని.

మొదటి వేట నుంచి అతను రెండు గంపలు తెచ్చాడు. పిన్ని బజారులో కూర్చుని ఒక్కో చేపనూ వాసన చూసి కొన్నిటిని పక్క తొట్టిలోకి విసరడం మొదలుపెట్టింది.

"అక్కా! అన్నీ బాగున్నాయని కాగితం ఇచ్చారు కదే!"

"అయితే కాగితం నువ్వమ్ముకో. చేపలు నేనమ్ముతా."

తొలి బేరానికి వచ్చింది టీ తాతగారు. ఆ ఆరు ముక్కుల్లో ఆయనదీ ఒకటి. "ఇంట్లో మనవలు తినాలి పిన్నీ. కాస్త చూసివ్వు" అన్నాడు నేల చూపులు చూస్తూ. ఆయన వెనకాల ఇంకో ముక్కు, దాని వెనకాల మరొకటి. మధ్యాహ్నానికల్లా పాడైపోయిన ముక్కు ముందు బజారులోకెల్లా పెద్ద వరస తయారైంది.

వరస చివర గుడ్డసంచీతో కళ్ళజోడు మేడం నిలబడి ఉంది.

"మీక్కూడా చూసివ్వాలా? నా ముక్కు నమ్మదగింది కాదని మీ చేత్తోనే రాశారు కదమ్మా."

"రాశానండి" అంది మేడం. మొహం ఎర్రబడింది. తొట్టిలోకి తొంగి చూసింది. "తీసేసినవి ఎన్ని?"

"పదిహేడు. గంపలో ముప్పై ఉన్నాయి."

"అవి ఏ వైపు పడ్డాయి?"

పిన్ని తమ్ముడివైపు చూసింది. అతను కాసేపు కాలి బొటనవేలితో నేల గీకాడు. చెబితే ఆ వైపు మళ్ళీ మూసేస్తారని అతనికి తెలుసు. అక్క మొహం చూశాడు, తొట్టి చూశాడు. "దీపస్తంభం దాటాక, ఉత్తరం పక్క. దక్షిణం పక్కవి బాగానే ఉన్నాయి" అన్నాడు చివరికి.

మేడం సంచీలోంచి పుస్తకం తీసి మోకాలి మీద పెట్టుకుంది.

"దీన్ని ఏ గడిలో రాస్తావు తల్లీ?" అంది పిన్ని, మేడం కోసం చేపను ఎంచుతూ.

"ఉండండి" అంది మేడం. స్కేలు లేదు. పిన్ని చేపలు కోసే కత్తిపీట చెక్కకు పుస్తకం ఆనించి, పెన్సిలుతో కొత్త గడి గీస్తోంది. గీత కొంచెం వంకరగా వచ్చింది. పుస్తకానికి నీచు అంటుకుంది.