పన్నెండో బకెట్టు

పదకొండో బకెట్టు పడవ మీద కుమ్మరించేసరికి కోర్టు బంట్రోతు పరంధామయ్య చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పన్నెండోది కుళాయి కింద పట్టి ఎత్తబోతుండగా, పదవీ విరమణ కాగితాల మీద సంతకాలకు రమ్మని ఆఫీసులోంచి కేక వచ్చింది. అలాగే వదిలేసి పరుగెత్తాడు.

చిత్తూరులో, కోర్టు రికార్డు గది వెనక, తాళం వేసిన దొడ్లో ఇటుకల మీద కూర్చుని ఉంది ఆ పడవ. పదహారడుగుల చెక్క పడవ, తారు పూసినది. సముద్రం మొహమెరగని ఊళ్లో, మామిడికాయల లారీలు తిరిగే రోడ్డు పక్కన పడవకేం పనంటే, కేసు పని. నాలుగేళ్ల కిందటి వానల్లో, జలాశయంలో షికారు తిప్పే కాంట్రాక్టరు దాన్ని వదిలేసి చక్కా పోయాడు. తాడు తెగి అలుగు వైపు కొట్టుకుపోతుంటే, చేపలు పట్టే కుప్పుస్వామి ప్రాణానికి తెగించి ఈది, ఒడ్డుకు లాగి, విరిగిన చెక్కలు వేయించాడు. పడవ బాగుపడ్డాక కాంట్రాక్టరుకు గుర్తొచ్చింది. అప్పట్నించి ఇద్దరు వకీళ్లూ సముద్రపు చట్టాలు తెచ్చి, వదిలేసిన ఓడ ఎవరిది, కాపాడినవాడికి ఏం దక్కాలి అని గొంతులు చించుకుంటున్నారు.

తీర్పు వచ్చేదాకా ఉంచమని పడవను కోర్టు దొడ్లో దించిన రోజు కుప్పుస్వామి గేటు పట్టుకుని, "దినామూ నీళ్లు పోయండప్పా. ఎండితే నెర్రెలిస్తాది" అన్నాడు. మర్నాటి నుంచి రోజూ ఏడింటికే పరంధామయ్య పన్నెండేసి బకెట్లు పట్టాడు.

పట్టాడే గానీ నోరు విప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కక్షిదారుకు వాయిదా తేదీ చెప్పి, పక్షపాతమని మెమో తిన్న మనిషి. ముప్పై ఆరేళ్లుగా హాలు వాకిట నిలబడి పేర్లు పిలవడమే తప్ప, వచ్చినవాళ్లతో మాట కలిపిన పాపాన పోలేదు. ప్రతి వాయిదాకూ కుప్పుస్వామి అడిగేవాడు.

"పడవ ఎండిపోయిందా సామీ?"

పరంధామయ్య గోడ గడియారం వైపు చూసేవాడు.

ఈ రోజు తీర్పు. ఆయన కొలువుకూ ఇదే ఆఖరి రోజు. పొద్దుట్నించీ కాలు ఒకచోట నిలవడం లేదు. కాఫీ చల్లారిపోయింది, ఒకే ఫైలును రెండుసార్లు బల్ల మీద పెట్టొచ్చాడు. తీర్పు చదివాక ఇక కేసు ఉండదు, మెమో ఉండదు. చూసుకో నాయనా, ఒక్క నెర్రె లేదు అని చెప్పెయ్యొచ్చు. ఆ మాట నాలుగేళ్లుగా నాలుక మీదే ఉంది.

కుప్పుస్వామిని మూడుసార్లు పిలిచాడు. మూడో పిలుపుకు వసారాలోంచి ఒకావిడ లేచింది.

"ఆయప్ప పెండ్లాన్ని సామీ, దేవకమ్మ. ఆయప్ప పోయి పదిదినాలాయె."

వాదనలు ముగిశాక పోయాడు గనుక తీర్పు ఆగలేదు. వదిలేసినంత మాత్రాన పడవ దొరికినవాడిది కాదు. కానీ కాపాడినవాడి కష్టానికి ప్రతిఫలం ముట్టేదాకా దాన్ని అట్టిపెట్టుకునే హక్కు ఆ కుటుంబానికుంది అన్నారు జడ్జిగారు. కాంట్రాక్టరు మొహం చిట్లించి, ఆ పాత చెక్కలు వాళ్లనే ఉంచుకోమని రాసిచ్చి వెళ్లిపోయాడు.

"నేనేం జేసుకునేది?" అంది దేవకమ్మ, పరంధామయ్య వెనకే నడుస్తూ. "నాలుగెండలకు పగిలిపోయుంటాది. పొయ్యిలోకే."

పరంధామయ్య దొడ్డి తాళం తీశాడు. ఆమె పడవ అంచు మీద చెయ్యి వేసింది. తీసి, తడి అరచేతిని చాలాసేపు చూసుకుంది.

"దినామూ పోస్తా ఉండారా?"

"ఊఁ. నేనే."

"ఎండిపోయిందనే దిగులుతోనే పోయినాడు ఆయప్ప. ఒక్క మాట సెప్పింటే..."

ముప్పై ఆరేళ్ల కొలువంటే ఆ క్షణాన ఆయనకు రోత పుట్టింది. "తప్పు నాదేనమ్మా" అన్నాడు.

సాయంత్రం ట్రాక్టరొచ్చి పడవను తీసుకుపోయింది. హాల్లో పరంధామయ్యకు శాలువా కప్పి, తాళంచెవులు తీసుకున్నారు. ఆయన దొడ్డి వైపు చూడకుండా బస్టాండుకు నడిచాడు. ఇటుకల మధ్య తడి ఆరిపోతోంది. కుళాయి కింద పన్నెండో బకెట్టు పొద్దున పట్టినది పట్టినట్టే నిండుగా ఉంది.