మా ఆయన బర్త్‌డే ఫ్లెక్స్

"గీ ఫ్లెక్స్ పొయ్యిల పెట్టు, పద్మా. నీళ్లన్న కాగుతయి" అని చిరిగిన ఫ్లెక్సును నా ముందు పడేసి మా ఆయన టవల్ అడిగాడు. టవల్ ఆయన భుజం మీదే ఉంది. ఊరంతా గీజర్లు బిగించే మా ఇంట్లో ఇంకా కట్టెల పొయ్యే.

ఫ్లెక్సులోనూ ఆయనే. నల్ల కళ్లద్దాలు, చెవి దగ్గర ఫోను, పైన "జన్మదిన శుభాకాంక్షలు రమాకాంతన్నా". మా ఎలక్ట్రికల్ కాంట్రాక్టులో ఆయన వంతు పెట్టుబడి ఆ ఫొటోనే. వైరు బేరమాడేది, పైపులు ఎంచి తెచ్చేది, పనివాళ్లకు అన్నం వండి పంపేది నేను.

మేం పని పట్టిన కాజీపేట అపార్టుమెంటులో కేబుళ్ల కోసం ప్రతి స్లాబులో మనిషి పట్టేంత కంత వదిలారు. "ప్లైవుడ్ కోసి, కదలకుండ బిగియ్యిండ్రి" అన్నాను.

"అన్నం తెచ్చినవు గద, అన్నం పెట్టిపో. స్లాబు ముచ్చట నీకెందుకు?" అని మా ఆయన పనివాళ్ల ముందు నవ్వాడు. తీరా బిల్డరు వస్తున్నాడనగానే కంత మీద ఈ ఫ్లెక్సు పరిచి మూలల్లో ఇటుకలు పెట్టాడు. ఆయన దృష్టిలో కనపడనిది లేనట్టే. నా చాకిరీ కూడా ఆ లెక్కలోదే.

సైటులో పాత ఫ్లెక్సు పరిచి ఉందంటే అది అన్నానికి కూర్చునే చోటు. మా పనివాడు కొమురెల్లి నేను పంపిన టిఫిను పట్టుకుని దాని మీద కాలు పెట్టాడు. రెండంతస్తుల కింద పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. గిన్నెల కోసం వెళ్లిన నాకు ఇటుక పక్కన అతని చెప్పులు కనిపించాయి, జోడుగా విడిచి.

"తాగి పడ్డడని చెప్పిన" బాత్రూంలోంచి ఆయన గొంతు. "ఆని పెండ్లాం యాకమ్మ నిన్నడుగుతది. అవునను. నీ మాటైతే నమ్ముతది."

నా మాటకు విలువ ఉందని ఆయన ఒప్పుకున్నది ఇన్నేళ్ల కాపురంలో ఇప్పుడే. తాగాడని తేలితే యాకమ్మకు పైసా పరిహారం రాదు. ఆ పని మా ఆయన నా నోటితో కానిచ్చుకోవాలనుకున్నాడు. వంటలాగే ఇదీ ఊరికే.

పొయ్యి వెలిగించలేదు. నీళ్లు కాగినయా అని ఆయన కేకేస్తుండగా ఫ్లెక్సును అన్నం సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

దవాఖానా వరండాలో యాకమ్మ లేచి నిలబడింది. "అక్కా, మావోడు తాగిండంటాండ్రు. నిజమేనా?"

ఫ్లెక్సు ఆమె ముందు పరిచాను. మా ఆయన మొహం నిలువునా చీలి ఉంది.

"మీ ఆయన తాగలే. మా ఆయన కంతను దీంతోటి కప్పిండు. పోలీసోళ్లు యాడున్నరు, పోదాం పా."