హెల్మెట్‌లో ఓలా మే

ఆదివారం చర్చి నుంచి రాగానే వెర్నెట్ చెప్పులు విప్పి, ఆకుకూర పొయ్యి మీద పెట్టి, టీవీ వేసేది. శబ్దం మాత్రం తీసేసేది. ఆమె మొగుడు థియోడిస్ తన వాలుకుర్చీలో కూర్చుని ఆ మూగ ఆట చూసేవాడు. ఆట ముగిసిన గంటకి, ఆమె చేపముక్కలు పిండిలో పొర్లిస్తుండగా, ఫోను మోగేది.

"అన్నా, నేను రాషాద్‌ని. నాయనమ్మ ఆట మూడో క్వార్టర్లో అడిగింది, తిన్నావా అని."

"ఇంకా లేదురా. వేగుతున్నాయి."

"ముల్లు చూసుకుని తినమంది."

"ముప్పై ఆరేళ్లొచ్చాయి నాకు. చెప్పు ఆవిడకి."

"చెప్పానన్నా. అయితే ఏంటట అంది."

ఆ నాయనమ్మ పేరు ఓలా మే గాడ్స్‌డన్. పోయి పన్నెండేళ్లయింది. దక్షిణాన వాళ్ల ఊరు పహోకీ శ్మశానంలో, నల్లమట్టిలో, భర్త పక్కన పడుకుని ఉండాలి. ఉండాలి గానీ, ప్రతి ఆదివారం ఉత్తరాన మంచు ఊళ్లో ఒక అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ల హెల్మెట్‌లో డ్యూటీకి ఎక్కేది. పహోకీలో అందరికీ తెలుసు. చర్చిలో అందరూ సిస్టర్ అని పిలిచే యులాలీ ఒకసారి మూతి తిప్పుకుంటూ, "చచ్చాక కూడా ఓలా మేకి పని దొరికింది. నా మనవడికి బతికుండగా దొరకడం లేదు," అంది. అంతకు మించి ఎవరూ దాని గురించి మాట్లాడుకోలేదు.

అది మొదలైంది థియోడిస్ ఆ క్లబ్బులో లైన్‌బ్యాకర్‌గా ఆడిన రెండో సీజన్లో. లైన్‌బ్యాకర్ అంటే డిఫెన్స్‌కి నడుమ నిలబడి, ఎదుటివాళ్లు బంతి ఎటు తెస్తారో పసిగట్టి, తెచ్చినవాణ్ణి గుద్ది పడేసేవాడు. ఆ పదకొండు మందిలో ఒక్కడి హెల్మెట్‌కే స్పీకరు ఉంటుంది, వెనక పచ్చచుక్క ఉంటుంది. మైదానం గట్టు మీంచి కోచ్ చెప్పేది వాడొక్కడే విని మిగతావాళ్లకి అరిచి చెప్పాలి. ప్రతిసారీ బంతి కదలడానికి పదిహేను సెకన్ల ముందు స్పీకరు దానంతటదే ఆగిపోతుంది. ఆ తర్వాత ఎవడి తెలివి వాడిది. థియోడిస్‌కి చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే ఎత్తుకుని పెంచింది ఓలా మేనే. ఆమెని శుక్రవారం పాతిపెట్టి శనివారానికల్లా అతను తిరిగి క్లబ్బుకి చేరాడు, ఒప్పందంలో నాయనమ్మలకి సెలవు లేదన్నారు కాబట్టి. ఆదివారం ఆటలో మొదటిసారి కోచ్ గొంతు ఆగిపోయిన మరుక్షణం ఇంకో గొంతు వినబడింది.

"ఒరే థియోడిస్, ఆ ఎడంపక్క లావుపాటివాడి వేళ్లు చూడు. నేల మీద ఆనించి తెల్లబడిపోయాయి. బరువంతా ముందుకే ఉంది. వాడు నీ మీదికే వస్తాడు."

వచ్చాడు. థియోడిస్ అప్పటికే అక్కడ ఉన్నాడు.

బతికుండగా ఆమె ఒక్క ఆటా చూసి ఎరగదు. కానీ నలభై ఒక్క సంవత్సరాలు మొక్కజొన్న ప్యాకింగ్ షెడ్డులో బెల్టు పక్కన నిలబడిన మనిషి. దొర్లుకుంటూ పోయే కండెల్లో ఏ దాంట్లో పురుగుందో పొట్టు విప్పకుండా చెప్పేది. అలాంటి కంటికి మనుషులొక లెక్కా? మడమల మీద బరువు వేసినవాడు వెనక్కి తగ్గుతాడని, ఎటు పరిగెత్తాలో అటు ఒక్కసారి చూసి చూడనట్టు తల తిప్పుకునేవాడు అటే పోతాడని, అన్నీ చెప్పేది. నాలుగో సీజన్‌కి థియోడిస్ పేరు దేశమంతా మోగింది. ఆ మంచు ఊళ్లో పసిపిల్లలు అతని నంబరు చొక్కాలు వేసుకుని తిరిగారు.

కోచ్ హల్వర్సన్‌కి ఈ సంగతి మొదట్లోనే తెలిసింది. ఆశ్చర్యపడడం తీరిక ఉన్నవాళ్ల పని. ఆయన చేసిందల్లా, సోమవారం ఫిల్మ్ గదిలో నిన్నటి ఆటని ముక్కముక్కగా ఆపి చూపిస్తున్నప్పుడు, "ఇక్కడ ముసలమ్మ ఏమంది?" అని అడిగి పుస్తకంలో రాసుకోవడమే.

థియోడిస్ చెప్పేవాడు. అన్నీ కాదు. ఒక్క మాట మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఒక్కోసారి, సీజన్‌కి నాలుగైదు సార్లు, ఆమె ఎడమ అనేది కాదు, కుడి అనేది కాదు. "ఇది వద్దు నాయనా. కూర్చో," అనేది.

షెడ్డులో ఆడవాళ్లకి కుర్చీలుండేవి కావు. నిలబడే పని, నిలబడే తిండి. అందుకే ఓలా మే ఇంటికి ఎవరొచ్చినా, పాస్టరైనా పోలీసైనా, ఆమె నోట్లోంచి వచ్చే మొదటి మాట "కూర్చో". ఆమె దగ్గర ఇవ్వడానికి ఉన్నది అదే. కానీ డెబ్బై వేల మంది చూస్తుండగా గడ్డి మీద ఎలా కూర్చుంటాడు? థియోడిస్ కూర్చోలేదు. తల వంచి గుద్దాడు. లేచేసరికి ఒకసారి దీపాలన్నీ పచ్చగా కనిపించాయి. ఒకసారి లేచి నేరుగా వెళ్లి ఎదుటి జట్టువాళ్ల మధ్య నిలబడ్డాడు, వాళ్లు నవ్వి భుజాలు పట్టి ఇటు తిప్పారు. ఒకసారి హోటల్ గది అనుకుని మూడు గంటలు లిఫ్టులోనే ఉన్నాడు. సోమవారం కోచ్ ఆ ముక్క దగ్గర ఫిల్మ్ ఆపి, "ఇక్కడ ఏమంది?" అంటే, "ఇక్కడేమీ అనలేదు కోచ్," అనేవాడు.

పదకొండో సీజన్ అయ్యాక కబురొచ్చింది. పైకి రా, జట్టు ఎత్తులన్నీ రాసిన ప్లేబుక్ కూడా పట్టుకురా. ఆ మాట విన్న ఆటగాడెవడికీ తన పని పోయిందని విడమరిచి చెప్పక్కర్లేదు. థియోడిస్ పుస్తకం బల్ల మీద పెట్టి ఒక్కటే అడిగాడు.

"మరి నాయనమ్మ?"

క్లబ్బు లాయరు కళ్లజోడు సవరించుకున్నాడు. "క్లబ్బు పరికరంలో వచ్చే ఏ శబ్దమైనా క్లబ్బుదే."

"ఆవిడ మా నాయనమ్మండీ."

"మా రికార్డుల్లో అలాంటి మనిషి ఎవరూ పనిచెయ్యడం లేదు. కాబట్టి మీరు తీసుకెళ్లడానికి కూడా ఎవరూ లేరు."

అలా ఓలా మే అక్కడే ఉండిపోయింది. బతికినన్నాళ్లూ ఎవరివో కండెలు ఏరింది, చచ్చాక ఎవరిదో ఆట. ఎవడి బెల్టు దగ్గరో నిలబడడమే ఆమె రాత అయితే ఇక స్వర్గమెందుకు, నరకమెందుకు?

హెల్మెట్ రాషాద్ పుల్లియమ్‌కి ఇచ్చారు. మిసిసిపీ పిల్లవాడు, పెద్దా చిన్నా తెలిసినవాడు. మొదటి రోజే గొంతు విని, "నమస్కారమమ్మా," అన్నాడట. ఆ వారం నుంచే ఫోన్లు మొదలుపెట్టాడు. థియోడిస్ ఒకసారి ఫోను హెల్మెట్ దగ్గర పెట్టమని బతిమాలాడు. పెట్టాడు. గాలి శబ్దం తప్ప ఏమీ రాలేదు. అందులో తల పెట్టినవాడికే వినబడుతుందది.

ఈ మూడేళ్లలో థియోడిస్ జారిపోతూ వచ్చాడు. మొదట పేర్లు పోయాయి, తర్వాత వారాలు. నిరుడు ట్రక్కు తీసుకుని పాలకి వెళ్లి, కాలువగట్టు మీద ఇంజను ఆపకుండా కూర్చుని దొరికాడు. ఇప్పుడు నడవాలో నిలబడి బాత్‌రూమ్ ఎడంపక్కో కుడిపక్కో తెలియక గోడ పట్టుకుని ఏడ్చేవాడు. క్లబ్బు డాక్టరు పరీక్ష చేసి, ఇది వీళ్ల వంశంలో వచ్చే జబ్బే అని రాసిచ్చాడు. తొంభైకి దగ్గరపడ్డాక కూడా కండెలో పురుగు కనిపెట్టిన మనిషి వంశం!

"ఆ హెల్మెట్ ఉంటే చాలు వెర్నెట్," అనేవాడు తెలివి నిలకడగా ఉన్న పూట. "ఎడమో కుడో ఆవిడ చెప్పేస్తుంది. నేను మళ్లీ నడవగలను. నిన్ను ఇలా చంపుకు తినను."

వెర్నెట్ క్లబ్బుకి ఏడు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికి జవాబొచ్చింది. అందులో థియోడిస్ ఆడుతున్నప్పటి ఫొటో పెట్టి, అభిమానానికి ధన్యవాదాలు అని రాశారు.

జనవరిలో, కోతకి ముందు చెరుకు తోటలు తగలబెట్టే రోజుల్లో, ఓడితే ఇంటికే అన్న ఆట వచ్చింది. ఆ మధ్యాహ్నం బూడిద వరండాలో రాలుతోంది. థియోడిస్‌కి ఆ పూట తెలివి బాగానే ఉంది. ఆఖరి నిమిషంలో ఎదుటివాళ్లు గోల్ గీతకి గజం దూరంలో ఉన్నారు, దాటితే గెలుపు వాళ్లదే, అదే చివరి ప్రయత్నం. బంతి కదిలింది. నూట యాభై కిలోల మనిషి ఒకడు పక్కనించి తిరిగి, తల వంచి, రాషాద్ మీదికి దూసుకొచ్చాడు.

రాషాద్ కూర్చున్నాడు.

చక్కగా, చర్చి పిక్నిక్‌లో కూర్చున్నట్టు, కాళ్లు మడుచుకుని చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. గుద్దడానికి ఏమీ దొరక్క ఆ కొండంత మనిషి అతని మీదుగా ఎగిరిపోయి, గోల్ స్తంభానికి చుట్టిన మెత్తని దిండుకి తగిలి, దులుపుకుని లేచాడు. బంతి పట్టుకున్నవాడు ఆ ఖాళీలోంచి నడిచి గీత దాటాడు. సీజన్ అయిపోయింది.

"కూర్చున్నాడు!" థియోడిస్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. "వెర్నెట్, చూశావా, వాడు కూర్చున్నాడే!"

వెర్నెట్ చేతికి పిండితోనే వంటింట్లోంచి వచ్చింది. అప్పటికే అతని మొహంలో నవ్వు లేదు.

"నాకూ చెప్పేది," అన్నాడు.

"ఏం చెప్పేది?"

"కూర్చోమని. వద్దు నాయనా, కూర్చో అని."

"ఎన్నిసార్లు?"

"చాలాసార్లు."

వెర్నెట్ అతని ఎదురుగా వచ్చి నిలబడింది. పదకొండేళ్లు వచ్చిన దెబ్బలన్నిటికీ దేవుణ్ణీ, క్లబ్బునీ, ఆ లాయరునీ తిట్టుకుంటూ బతికింది. "నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు కూడా కూర్చోమనేదానివి."

"అనేదాన్నే! అని ఉండేదాన్ని థియోడిస్! కాళ్లు పట్టుకుని కూర్చోబెట్టేదాన్ని!" అరిచి, పిండి చేతులతోనే మొహం కప్పుకుంది. ఆ సాయంత్రం ఫోను మోగలేదు.

మర్నాడే రాషాద్‌ని పైకి పిలిచారు, ప్లేబుక్ పట్టుకురమ్మన్నారు. దేశమంతా అతన్ని చూసి నవ్వుతోంది. హల్వర్సన్ ఫిల్మ్ గదిలో ఆ ముక్క దగ్గర ఆపి, "ఇక్కడ ఏమంది?" అని అడిగాడట.

"కూర్చోమంది కోచ్."

"నువ్వు కూర్చున్నావు?"

"పెద్దావిడ చెప్పాక నిలబడితే మా అమ్మ నా చర్మం ఒలిచేస్తుంది."

హల్వర్సన్ హెల్మెట్‌ని తీసి చెత్తడబ్బాలో విసిరాడు. పనికిరాని సామాన్ల చిట్టాలో రాయించాడు కూడా. పని చెయ్యనన్న రోజునే ఓలా మేకి విడుదల దొరికింది. రాషాద్ డబ్బాలోంచి దాన్ని ఏరుకుని, చొక్కాతో తుడిచి, పక్కసీటుకి బెల్టు పెట్టి కూర్చోబెట్టుకుని, మూడు రోజులు కారు నడుపుకుంటూ పహోకీ వచ్చాడు.

వస్తున్నట్టు ఫోన్ చేసి చెప్పాడు. థియోడిస్ పొద్దున్నే స్నానం చేసి, చర్చికి వేసుకునే చొక్కా వేసుకుని, గుమ్మంలో కుర్చీ వేసుకుని ఎదురుచూశాడు. పదింటికి, "ఇవాళ ఆవిడ వస్తోంది," అన్నాడు. పన్నెండింటికి, "ఎవరో వస్తారన్నావు కదూ?" అన్నాడు. రెండింటికి కుర్చీ ఎందుకు గుమ్మంలో ఉందని విసుక్కుని లోపల పెట్టేశాడు. మూడింటికి రాషాద్ కారు దిగాడు. మెడ నిటారుగా, కళ్లు తేటగా ఉన్నాయి. వాళ్ల ఊళ్లో పడవల ఇంజన్లు బాగుచేసే మావయ్య దగ్గర చేరతానని చెప్పాడు. వెర్నెట్ అతని తల రెండు చేతుల మధ్య పట్టుకుని కాసేపు వదల్లేదు. సంతోషించింది, నిజమే. కడుపు మండింది, అదీ నిజమే.

"అన్నా," అన్నాడు రాషాద్, "తెచ్చాను."

థియోడిస్ అతని పేరు రెండుసార్లు అడిగి, హెల్మెట్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చేతులు మాత్రం మరిచిపోలేదు. బొటనవేళ్లు చెవుల దగ్గర పెట్టి, విప్పి, ఒక్క దెబ్బలో తలకి తొడిగేసుకున్నాడు. వంటింటి మధ్యలో నిలబడి విన్నాడు.

చాలాసేపు విన్నాడు. వెర్నెట్ అతని దారిలోంచి పక్కకి జరిగింది. ఎడమ అంటుందో కుడి అంటుందో, అతను నడవాలోకి తిన్నగా నడుస్తాడేమో అని చూసింది.

థియోడిస్ మోకాళ్లు మెల్లగా వంచాడు. బల్ల కోడు పట్టుకుని, వంటింటి నేల మీద కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"ఏమంది నాయనమ్మ?" అంది వెర్నెట్.

"ఎవరు?"

"హెల్మెట్‌లో. ఎవరు మాట్లాడారు?"

"ఎవరో ముసలావిడ," అన్నాడు థియోడిస్. హెల్మెట్ ముందరి ఇనపకమ్మీల వెనక అతని కళ్లు మర్యాదగా, కొత్తవాళ్ల ఇంట్లో ఉన్నట్టు చూశాయి. "కూర్చోమంది. పెద్దావిడ, కాదంటే బాగుండదని కూర్చున్నాను."

రాషాద్ గోడవైపు తిరిగిపోయాడు. థియోడిస్ మళ్లీ చెవి ఒగ్గి విని, కనుబొమలు ముడిచాడు.

"ఆవిడకి కూడా ఒక కుర్చీ వెయ్యమ్మా," అన్నాడు వెర్నెట్‌తో. "పాపం, చాలాసేపట్నుంచి నిలబడే ఉన్నట్టుంది."