ఒంట్లో తేడా లేదు

సరస్సు దగ్గరి ఆఖరి స్టాపులో బస్సు ఆపి, కుజి తెచ్చుకున్న అన్నపుముద్దని ఇంకా నోటి దాకా కూడా తీసుకెళ్లలేదు, సీటు పక్కనున్న రేడియో గరగరమంది. డిపో సూపర్వైజరు మొరియా గొంతు.

"కుజి గారూ, కిందికొచ్చాక ఇంకో ట్రిప్పు పైకెక్కించాలి. స్టేషను ముందు జనం చీమల్లా ఉన్నారు."

"తింటున్నానండి."

"తినండి, తినండి. ఎవరొద్దన్నారు? దిగుతూ తినండి. నమలడానికి చేతులతో పనేముంది?"

కుజి ముద్దని మళ్లీ డబ్బాలో పెట్టేశాడు. తెల్లారినప్పటి నుంచి కొండెక్కడం ఇది మూడోసారి. ఆకులు ఎర్రబడే ఈ కొద్ది వారాలూ మా ఊరికి కోతల కాలం. రాజధాని నుంచి దిగిన జనానికి కొండ మొత్తం మూడు రోజుల్లో చూసెయ్యాలని తొందర. వాళ్లని మలుపు మలుపుకీ ఒరిగిపోతూ మోసుకెళ్లడం కుజి లాంటి వాళ్ల పని. ముప్పయ్యేళ్లుగా అదే పని. ముందు సీట్లో కూర్చున్న ముసలమ్మ ఒకావిడ వంగి, ఒలిచిన పండు ముక్క అతని చేతిలో పెట్టింది.

"తిను బాబూ. నువ్వు బాగుంటేనే కదా మేం ఇంటికెళ్లేది."

నిన్నటి దాకా అయితే కుజి నవ్వి తినేసేవాడే. ఇవాళ ఆ ముక్కని కూడా డబ్బాలో పెట్టేశాడు.

నిన్న అతనికి సెలవు. పక్క ఊళ్లో పెద్దాసుపత్రికి వెళ్లి తల స్కానింగు తీయించుకున్నాడు. అతని తల్లి నలభై తొమ్మిదో ఏట పొలంలో ముల్లంగి పీకుతూ 'అబ్బా, తల' అని కూలబడి మళ్లీ లేవలేదు. తలలో నరం చిట్లిందన్నారు. పోయిన చలికాలం తోటి డ్రైవరు ఒయికావా కూడా అలాగే పోయాడు. ఆ రోజు నుంచి కుజి భార్య కజుయో పోరు పెడుతూనే ఉంది. పోరు పడలేక వెళ్లాడు.

వెళ్లినవాడు తిన్నగా ఉన్నాడా? ఒంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా అని నర్సు అడిగితే, నిటారుగా నిలబడి "తేడా లేదు!" అని అరిచాడు. ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. గొట్టంలాంటి యంత్రంలో పడుకోబెట్టి, చెవుల దగ్గర సుత్తులు మోగుతుంటే, "ఎలా ఉంది?" అని మైకులో అడిగారు. "తేడా లేదు!" ఆఖరికి డాక్టరమ్మ తెర మీద బొమ్మ చూపించి, "ఇక్కడ నరం ఎలా ఉబ్బిందో చూశారా?" అన్నప్పుడు కూడా అతని నోరు ఆ మాటే అనబోయింది. సగంలో ఆపుకున్నాడు.

అతని తప్పేం లేదు. బస్సు డ్రైవర్లకి అది ఒంటబట్టిన మాట. రోజూ బండి తియ్యబోయే ముందు డిపోలో బల్ల ముందు నిలబడి గొట్టంలోకి ఊదాలి, తాగలేదని రుజువు కోసం. తర్వాత సూపర్వైజరు "ఒంట్లో తేడా?" అని అడుగుతాడు. డ్రైవరు తన నోటితో జవాబు చెప్పాలి. బల్ల మీద ఎర్రదీపం వెలిగే చిన్న డబ్బా ఆ మాటని రికార్డు చేసుకుంటుంది. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా కుజి తేడా లేదనే చెప్పాడు. తండ్రి అస్థికలు ఏరుకొచ్చిన మర్నాడూ తేడా లేదనే చెప్పాడు. ఇన్నేళ్లలో ఆ బల్ల ముందు ఇంకో జవాబు ఎవరి నోటా రాలేదు. దాన్నిబట్టి మా ఊరి డ్రైవర్లు ఇనుముతో చేసిన మనుషులని కంపెనీ తేల్చుకుంది.

డాక్టరమ్మ చిన్నపిల్లే, కానీ మాట తిన్నగా చెప్పింది. తలలోపల నెత్తురు నడిచే గొట్టం గోడ ఒకచోట పలచబడి, శనగగింజంత ఉబ్బిందట. ఏడు మిల్లీమీటర్లు. ఎప్పటికీ పగలకపోవచ్చు, రేపే పగలొచ్చు. తొడ దగ్గర్నుంచి సన్నటి తీగ పోనిచ్చి మూసెయ్యొచ్చు. వచ్చే నెల ఆపరేషనుకి చోటుంది. "అప్పటిదాకా బస్సు మాత్రం నడపకండి. మీ వెనకాల జనం ఉంటారు కదా," అంది.

కుజికి వెంటనే బోధపడింది. టైరుకి బుడగొస్తే ఆ బండి రోడ్డెక్కదు. మెకానిక్కు ఎక్కనివ్వడు.

మరి తెలిసి తెలిసి ఇవాళ బండెందుకెక్కాడని అడగొచ్చు. తెల్లవారుజామున బల్ల ముందు నిలబడ్డాడు. చెబుదామనే వెళ్లాడు. మొరియా "తేడా?" అనగానే, మనసు ఇంకా మాట కూర్చుకుంటూండగానే నోరు తన పని తాను చేసేసింది. ముప్పయ్యేళ్ల అలవాటు మరి. ఆ తర్వాత పొద్దుటి నుంచీ మలుపు తిరిగినప్పుడల్లా పక్కకి ఒరిగే తలలన్నీ అతనికి అద్దంలో ఒక్కటొక్కటిగా కనిపిస్తున్నాయి.

చెబితే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. డిపో గోడ మీద రంగురంగుల కాగితం ఒకటి అంటించి ఉంది. 'మెదడుని కాపాడుకుందాం, ప్రయాణికుల్ని కాపాడుకుందాం.' కింద నవ్వుతున్న బస్సు బొమ్మ. కంపెనీ చేసిన ఉపకారం అంతే. స్కానింగు ఖర్చు డ్రైవరుదే. అందులో ఏమైనా బయటపడితే స్టీరింగు తీసేసుకుని చేతికి నీళ్ల గొట్టం ఇస్తారు. బస్సులు కడగడానికి గంట కూలీ. వచ్చే జీతంలో సగం కూడా రాదు. అందుకే ఒక్కడూ తీయించుకోడు. తెలియనంత కాలం లేనట్టే కదా!

డైరెక్టరు కకిజాకి మాత్రం ఏటేటా తీయించుకుంటాడు. పొద్దున తలకి ఫొటో, మధ్యాహ్నం పీతల భోజనం, సాయంత్రం వేడినీటి బుగ్గలో స్నానం, రాత్రికి బస. అంతా కంపెనీ ఖర్చే. ఆ ఫొటోని చట్రం కట్టించి కుర్చీ వెనక గోడకి తగిలించుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ, "చూడండి, నలభయ్యేళ్లవాడి మెదడులా ఉందన్నారు," అని చూపిస్తాడు. తలకాయలో అదొకటి ఉందని రుజువు చూపించుకోవాల్సిన అవసరం ఆయనకి కాక ఇంకెవరికుంటుంది?

ఇక ఒయికావా సంగతి. ఆ రోజు పొద్దున్నే అతను తల పగిలిపోతోందని మొరియాతో అన్నాడు. వరసలో నిలబడ్డ వాళ్లందరూ విన్నారు. "రెండు మాత్రలేసుకోండి, మీ బదులు ఎవరున్నారు?" అన్నాడు మొరియా. అప్పుడింకా డబ్బా మీద ఎర్రదీపం వెలగలేదు. దీపం వెలిగాక ఒయికావా కూడా అందరిలాగే తేడా లేదన్నాడు. మంచు కొండ మీద సగం దూరం వెళ్లాక బస్సుని పక్కకి తీసి, బ్రేకు బిగించి, తలుపులు తెరిచి, అప్పుడు స్టీరింగు మీద వాలిపోయాడు. ఎక్కిన వాళ్లలో ఒక్కరికీ గీత పడలేదు. కర్మకాండలో డైరెక్టరు కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఆఖరి శ్వాస దాకా ఆదర్శ డ్రైవరన్నాడు. తర్వాత పరిహారం మాట ఎత్తితే కంపెనీ వకీలు ఒయికావా భార్యని పిలిచి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మొగుడి గొంతు వినిపించాడు. "తేడా లేదు." వింటున్నారు కదమ్మా, ఆయనే చెప్పారు, అన్నాడు. ఆవిడ టీ తాగకుండా లేచి వచ్చింది.

సాయంత్రం బండి షెడ్డులో పెట్టి కుజి మొరియా గదిలోకి వెళ్లాడు.

"మొరియా గారూ, ఒక మాట."

"రెండు చెప్పండి, కానీ గబగబా చెప్పండి. రేపటి బళ్లు సర్దాలి."

"నిన్న తల స్కానింగు తీయించాను."

మొరియా లేచి వెళ్లి తలుపు వేశాడు. ఒకప్పుడు తనూ డ్రైవరే. బల్లకి ఇవతలి నుంచి అవతలికి మారాక మెడ చుట్టూ చొక్కా కాలరు గట్టిపడింది, వెన్నుపూస మెత్తబడింది.

"నాకు వినపడలేదు," అన్నాడు.

"తలలో నరం ఒకచోట ఉబ్బి..."

"అయ్యా, వినపడలేదంటున్నానా! ఆకులు రాలిపోనివ్వండి. అప్పుడు రండి. శుభ్రంగా వినపడుతుంది."

"డాక్టరమ్మ బస్సు నడపొద్దంది."

"అంటుంది. ఆవిడకేం పోయింది? రేపు స్టేషను ముందు నిలబడ్డ జనాన్ని ఆవిడ భుజాల మీద ఎక్కించుకుంటుందా?"

"పోయినేడు మన డ్రైవరు చిబాకి ఇలాగే బయటపడితే మీరు వెంటనే విన్నారు. మర్నాడే నీళ్ల గొట్టం చేతికిచ్చారు."

"అది వానల కాలమండీ! బస్సులు ఖాళీగా తిరిగే రోజులు." ఈ మాట మొరియా ఏమాత్రం సిగ్గుపడకుండా, లెక్క తెలియని పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

తలుపు తోసుకుని డైరెక్టరే వచ్చాడు. గోడకవతల అంతా విన్నాడు కాబోలు, మొహం నిండా దయ పులుముకుని ఉన్నాడు.

"కుజి! దీనికా ఇంత బెంగ? నాక్కూడా ఉందయ్యా ఒకటి. రెండు మిల్లీమీటర్లు. నేను నవ్వుతూ తిరగడం లేదూ?"

"మీరు కారు నడుపుతున్నారా సార్?"

"అబ్బే, మానేశాను. ఎందుకొచ్చిన ప్రమాదం! డ్రైవరు సుగా నడుపుతాడు."

"సుగా తలకి స్కానింగు తీయించారా?"

డైరెక్టరుకి ఆ ప్రశ్న నిజంగానే అర్థం కాలేదు. "సుగాకెందుకూ?" అన్నాడు. మిఠాయి పెట్టె ఒకటి తెప్పించి కుజి చేతిలో పెట్టాడు. "మీ ఆవిడకివ్వు. ఈ సీజను గట్టెక్కించు. నీలాంటి పాతకాపులే కంపెనీకి వెన్నెముక." తన వెన్నెముక ఎక్కడ పోగొట్టుకున్నాడో మాత్రం చెప్పలేదు. కుజి అలవాటు కొద్దీ నడుం వంచి దండం పెట్టాడు. పెట్టినందుకు మెట్లు దిగుతూ తనమీద తనకే అసహ్యం వేసింది.

ఇంట్లో కజుయో ముల్లంగి తరుగుతోంది. వృద్ధాశ్రమం వంటింట్లో పొద్దంతా తరిగి వచ్చి, ఇంట్లో మళ్లీ అదే పని.

"చెప్పారా?"

"చెప్పాను. వినపడలేదన్నారు."

"పాపం, చెవులకి కూడా స్కానింగు తీయించాలేమో." మిఠాయి పెట్టెని చూసింది. "ఇదేంటి?"

"నీకిమ్మన్నారు."

"ఒయికావా వాళ్లావిడకి టీ ఇచ్చారు. నాకు మిఠాయా! నయమే, నా రేటు పెరిగింది." కత్తి పక్కన పెట్టి అతని ఎదురుగా కూర్చుంది. "ఏమండీ, ఇల్లు గడవడం గురించి నేను మాట్లాడను. నీళ్ల గొట్టం పట్టుకుంటే పట్టుకోండి, నేనింకో ఇంట్లో కూడా వండుతాను. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. రేపు పొద్దున ఆ బల్ల ముందు మీరేం చెబుతారో, తర్వాత నాకు వినిపించేది అదే."

ఆవిడ పెట్టె మూత విప్పకుండా తీసుకెళ్లి అతని బూట్ల పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున డిపో ముందు బళ్లు పొగ కక్కుతున్నాయి. కుజి నడిపే బస్సు ఇంజను వేసి, తలుపు తెరిచి, నుదుట సరస్సు పేరు వెలిగించుకుని రెడీగా ఉంది. కంచె అవతల అప్పుడే జనం చలికి కాళ్లు నేలకేసి తడుతూ వరస కట్టారు. నిన్నటిలాంటి ముసలమ్మలు కూడా ఉన్నారు.

లోపల డ్రైవర్ల వరసలో కుజి ముందు నిలబడ్డాడు. వెనక నగానె, పోయినేడు చేరిన ఆడ డ్రైవరు. ఆవిడ వెనక ఇంకో ఆరేడుగురు. కుజి మిఠాయి పెట్టెని బల్ల మీద పెట్టి, గొట్టంలోకి ఊదాడు. ఎర్రదీపం వెలిగింది.

"ఒంట్లో తేడా?" అన్నాడు మొరియా, పెట్టెకేసి చూస్తూ.

నోరు మళ్లీ ముందే కదిలింది. ఈసారి కుజి పళ్లు బిగబట్టాడు. దవడ నొప్పి పుట్టింది.

"కుజి గారూ. తేడా?"

"ఉంది."

వరస కదిలింది. మొరియా తలెత్తి, కళ్లతో బతిమాలాడు, కనుబొమలతో బెదిరించాడు. "మళ్లీ అడుగుతున్నాను. సరిగ్గా వినండి. ఒంట్లో తేడా?"

"ఉంది. తలలో నరం ఉబ్బింది. ఏడు మిల్లీమీటర్లు. డాక్టరు బస్సు నడపొద్దంది. నిన్న సాయంత్రం మీకూ, డైరెక్టరు గారికీ మీ గదిలోనే చెప్పాను. మీరు ఆకులు రాలనివ్వమన్నారు." మిఠాయి పెట్టెని మొరియా వైపు జరిపాడు. "నేను నడపను."

మొరియా చెయ్యి డబ్బా మీట మీదకి పోయింది.

"ఆపకండి సార్," అంది నగానె. "నాది ఇంకా అవలేదు."

ఆవిడ ముందుకొచ్చి కుజి పక్కనే నిలబడింది. గొట్టంలోకి ఊది, డబ్బాకి దగ్గరగా వంగింది, మాట సరిగ్గా ఎక్కాలని కాబోలు.

"నగానె. నా తలలో ఏముందో నాకు తెలీదు. ఎవరూ చూసిన పాపాన పోలేదు. చూసేదాకా తేడా లేదని నేను చెప్పలేను."

"ఏంటమ్మా ఇది! బయట జనం నిలబడి ఉన్నారు!"

"అవును సార్. ఉన్నారు."

పక్కగదిలో ఫోను మోగుతోంది. డైరెక్టరుదే అయ్యుంటుంది, బస్సు ఇంకా ఎందుకు కదల్లేదని. మొరియా దాని వైపు ఒకసారి, వరస వైపు ఒకసారి చూశాడు. వరసలో మూడోవాడు, ఒయికావాతో పదిహేనేళ్లు ఒకేచోట కూర్చుని అన్నం డబ్బా విప్పుకుని తిన్న మనిషి, గొట్టంలోకి ఊది చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దీపం వెలుగుతోంది. ఇన్నేళ్లలో మొదటిసారి మొరియాకి 'ఒంట్లో తేడా?' అన్న ఆ రెండు మాటలూ నోట్లోంచి రాలేదు.

"అడగండి సార్," అన్నాడు ఆ మనిషి.