తెలుపులో ఏ తెలుపు

ఇరవై ఆరేళ్లు బస్సు నడిపినవాడికి ఏ మలుపులో ఎంత బ్రేకు తొక్కాలో తెలుస్తుంది గానీ, బల్బుల కొట్లో నిలబెడితే ముందుకు పోవాలో వెనక్కి రావాలో తెలియదు. ఆ సంగతి మన డ్రైవరుకు ఆ సోమవారం పొద్దున తెలిసొచ్చింది.

"పైకప్పుకి పెట్టే లైట్లు కావాలమ్మా. ఎనిమిది. కావాలంటే తగ్గాలి, కావాలంటే పెరగాలి. ధర మాత్రం తగ్గే ఉండాలి," అన్నాడు.

"ఎన్ని వాట్లు బాబాయ్ గారూ?" అని అడిగింది కొట్టావిడ.

"తలనొప్పి రానన్ని."

ఆవిడ నవ్వలేదు. రోజూ ఇలాంటివాళ్లని వందమందిని చూసే మనిషి. "రంగు?"

"తెలుపు."

"తెలుపులో ఏ తెలుపు?"

బల్ల మీద మూడు లైట్లు వెలిగించి చూపించింది. ఒకటి వెన్నలా కాస్త పచ్చగా ఉంది. ఒకటి కాగితంలా ఉంది. మూడోది నీలం కొడుతోంది. డ్రైవరు మూడింటినీ చూసి, కళ్లు నులుముకుని, మళ్లీ చూశాడు. అరవై ఏళ్లు వచ్చేదాకా తెలుపంటే తెలుపే అనుకుని బతికేశాడు పాపం.

"ఇంట్లో ఎన్ని గదులు?"

"గదుల్లేవమ్మా, అంతా ఒకటే బారు. బస్సు."

"ఇల్లన్నారుగా?"

"ఆ బస్సే ఇల్లు."

కొట్టావిడ చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టి, అప్పుడు మాత్రం అతని ముఖంలోకి చూసింది.

ఆవిడ అలా చూడటంలో తప్పులేదు. డిపోవాళ్లు పాత బస్సుల్ని వేలం వేస్తుంటే చూడ్డానికని వెళ్లినవాడు ఒకదాన్ని పాడేసుకుని ఇంటికొచ్చాడు. ఇంట్లో చెప్పలేదు, అడగలేదు. సీట్లు పీకించాడు. ఇంజను అమ్మేసి, ఆ వచ్చినదాంతో వెనక మంచం, మధ్యలో పొయ్యిగట్టు, పైన రెండు సోలారు పలకలు పెట్టించాడు. స్నేహితుడి లారీ షెడ్డు వెనక ఖాళీ జాగాలో దాన్ని నిలబెట్టి, అప్పుడు పెళ్లాన్ని పిలిచి చూపించాడు.

పెళ్లాం అంటే ఎవరో కాదు, పంతొమ్మిదేళ్లు అతను నడిపే బస్సులోనే వెనక టిక్కెట్లు కోసిన కండక్టరమ్మ. ఆవిడ ఒక గంట కొడితే ఆపేవాడు, రెండు కొడితే కదిలించేవాడు. వెనక్కి తిరిగి చూడాల్సిన పని ఎప్పుడూ పడలేదు. ఇద్దరికీ ఉద్యోగాలైపోయాయి, నెలాఖరుకి క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. ఆవిడ చెల్లెలి ఇంట్లో ఒక గది సిద్ధంగా ఉంది. ఆ గదిలో కిటికీకి మందపాటి తెర కూడా ఉంది.

తెర సంగతి ఎందుకంటే, కండక్టరమ్మకి పార్శ్వపు నొప్పి. వచ్చిందంటే సగం తల పగిలిపోతుంది, వెలుతురు కంట్లో సూదిలా దిగుతుంది. రానినాడు మాత్రం గళ్లనుడికట్టు పూరించడానికి పట్టపగల్లాంటి దీపం కావాలి. అందుకే బస్సంతా చూసి ఆవిడ ఒకే మాట అంది. "లైట్లు పెట్టాక ఒక సాయంత్రం వచ్చి పడుకుని చూస్తాను. నా తలకి పడితే ఉంటాను. పడకపోతే చెల్లెలి దగ్గరికి వెళ్తాను, మీరు ఆదివారాలు వచ్చి చూసి వెళ్తుండండి." గొంతు పెంచలేదు, దెప్పలేదు. అదే అతన్ని భయపెట్టింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో పోట్లాటలకి అలవాటు పడ్డాడు గానీ ఇలాంటి మెత్తటి మాటకి కాదు.

"ఇళ్లకి పెట్టే రకం చవక," అంది కొట్టావిడ, అట్టపెట్టెలు దించుతూ. "కానీ మీ బ్యాటరీ కరెంటుకి అది పనికిరాదు. ఇదిగో, కార్లకి పెట్టేది. సగం ధర. పన్నెండు వోల్టులు."

"బస్సుకి ఇరవై నాలుగమ్మా. పెడితే ఢామ్మంటుంది." తనకి తెలిసిన మాట ఒకటి దొరికినందుకు డ్రైవరు కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి ఎంతోసేపు నిలవలేదు.

"అయితే ఇరవై నాలుగులో తగ్గే రకమా, తగ్గని రకమా? తగ్గే రకమైతే తిప్పే మీట వేరే కొనాలి. ఏ మీట పడితే ఆ మీట కుదరదు. లైటుకీ మీటకీ ఈడూ జోడూ కుదరాలి, లేకపోతే రెపరెపలాడుతుంది. మందం ఎంతుండాలి? మీ కప్పు ఎత్తెంత? మీద మసకగా ఉండే పాల అద్దమా, ఉత్త అద్దమా?"

తల ప్రాణం తోకకొచ్చింది మనవాడికి. దేనికి అవునన్నాడో దేనికి కాదన్నాడో తెలియకుండానే చాలాసేపు తలాడించి, చివరికి మూడు రకాలు తీసుకెళ్లి చూసుకుని నచ్చనివి తిరిగిచ్చేటట్టు ఆవిణ్ని ఒప్పించాడు. ఆవిడ ఒప్పుకున్నది అతన్ని కొట్లోంచి పంపించడానికేనని నా అనుమానం.

బస్సులో పెట్టి చూస్తే, మొదటి రకం సగానికి తగ్గించగానే జ్వరమొచ్చినట్టు వణికింది. ఆ వణుకు చూస్తే తలనొప్పి లేనివాడికి కూడా వస్తుంది. రెండోదానికి మూడే గేర్లు: మొత్తం, సగం, గుడ్డి. మూడోది మాత్రం మీట తిప్పినకొద్దీ మెత్తగా తగ్గుతూ వచ్చింది. పెద్ద సైజు ధర అందేది కాదు గానీ, అరచెయ్యంత చిన్న సైజు చేతికి అందింది. వోల్టులు తేలాయి, సైజు తేలింది, ఇక తేలాల్సింది తెలుపు ఒక్కటే.

తెలుపు ఎలా తేల్చాడో వినండి. ఆ రకంలోనే మూడు తెలుపుల్నీ తెచ్చి వరసగా కప్పుకి తగిలించి, వెళ్లి పాత డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఆ ఒక్క సీటూ పీకించలేదు లెండి. పొద్దువాలాక ఒక్కోదాన్నే వెలిగించి, ముందద్దంలో దాని నీడ పడుతోందా లేదా అని చూశాడు. చీకట్లో బస్సు నడిపేవాడికి లోపలి దీపం అద్దంలో పడితే రోడ్డు కనపడదు. కాబట్టి పడనిదే మంచి దీపం. నీలంది కొట్టొచ్చినట్టు పడింది. కాగితంలాంటిది కొద్దిగా పడింది. పాల అద్దంలో వెన్నరంగుది పడీ పడనట్టుంది. అదే ఖాయం చేశాడు. ఇంజనే లేని బస్సుకి ముందద్దంలో నీడ పడితేనేం, పడకపోతేనేం అని అడిగేవాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరూ లేకపోయారు. ఎనిమిది లైట్లూ తానే బిగించాడు, తీగలు లాగాడు, మీట పెట్టాడు. రెండురోజులు నడుం వంగలేదు.

గురువారం సాయంత్రం కండక్టరమ్మ వచ్చింది. అలవాటుకొద్దీ వెనక తలుపులోంచే ఎక్కింది. డ్రైవరు అలవాటుకొద్దీ ముందు సీట్లో కూర్చునే ఉన్నాడు.

"పడుకో, పడుకుని చూడు," అన్నాడు అద్దంలోకి చూస్తూ. "ఇదిగో, మొత్తం."

బస్సంతా వెచ్చగా వెలిగింది. ఆవిడ మంచం మీద వెల్లకిలా పడుకుంది.

"బాగుంది," అంది. నిజంగానే అంది.

"ఇప్పుడు సగం. ఇప్పుడు పావు. చూశావా, వణకదు! ఇదిగో, మిణుకు. ఇంతకన్నా తక్కువ కావాలంటే కళ్లు మూసుకోవాల్సిందే."

ఆవిడ కప్పువైపే చూస్తూ, "నడిరాత్రి నాకు నొప్పొస్తే?" అంది.

"నన్ను పిలు. వచ్చి తగ్గిస్తా. ఎంత తగ్గించమంటే అంత," అన్నాడు డ్రైవరు, ఛాతీ పొంగించి.

ఆవిడ లేచి కూర్చుంది. చెప్పులు వేసుకుంది. సంచీ భుజాన వేసుకుని వెనక మెట్టు మీదికి నడిచింది.

డ్రైవరు సీట్లోంచి లేచి, పొయ్యిగట్టు తగిలి, వెనక్కి పరుగెత్తాడు. "ఏమైంది? రంగు నచ్చలేదా? కాగితం తెలుపు కూడా ఉంది, తెస్తాను! వాట్లు ఎక్కువయ్యాయా?"

"లైట్లు బాగున్నాయి."

"మరి?"

"నాకూ తెలీడం లేదండీ." మెట్టు మీద అలాగే నిలబడింది. ముఖంలో కోపం లేదు, అయోమయం ఉంది. "బాగున్నాయి, మెత్తగా ఉన్నాయి, నాకోసమే పెట్టారు. అయినా ఏడుపొస్తోంది. మీట ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడేంటి? ముందు. స్టీరింగు పక్కన. అన్ని మీటలూ డ్రైవరు దగ్గరే కదా ఉంటాయి!"

"బస్సులో ఉంటాయి," అంది. అన్నాక తనకే అర్థమైనట్టు గట్టిగా ఊపిరి వదిలింది. "పంతొమ్మిదేళ్లు వెనక నుంచి గంట కొట్టాను. ఆపమంటే ఆపారు, పొమ్మంటే పోయారు. ఆ మాట కాదనను. కానీ ఇంట్లో కూడా, తల పగిలిపోతుంటే, ఇంత చీకటి కోసం మీకు గంట కొట్టాలా?"

డ్రైవరు అద్దంలో నీడ సంగతి చెబుదామనుకుని, ఆ మాట నోటిదాకా రాగానే ఎంత తెలివితక్కువదో తెలిసి సిగ్గుపడ్డాడు. మూడు తెలుపుల్నీ అటూ ఇటూ తిరిగి చూసిన మనిషి, ఒక్కసారి కూడా వెళ్లి ఆ మంచం మీద పడుకుని చూడలేదు.

పెట్టెలోంచి స్క్రూడ్రైవరూ, చెవిమీది పెన్సిలూ తీశాడు. "ఎక్కడ పెట్టమంటావు?"

ఇప్పుడు కంగారు పడటం ఆవిడ వంతయింది. బస్సు కొన్నప్పుడు అడగనివాడు, సీట్లు పీకినప్పుడు అడగనివాడు, ఇప్పుడు అడిగాడు. తలుపు పక్కన చెయ్యి పెట్టి చూసింది, కాదనుకుంది. పొయ్యిగట్టు దగ్గర నిలబడింది. కిటికీ కమ్మీ పట్టుకుంది. "తెలీదు," అంది విసుగ్గా. "ఆగండి."

చెప్పులు విడిచి మళ్లీ మంచం ఎక్కింది. నొప్పొచ్చినప్పుడు పడుకున్నట్టే కుడిపక్కకి తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, కళ్లు గట్టిగా మూసుకుంది. అలా కాసేపు ఉండి, కళ్లు తెరవకుండానే చెయ్యి చాపింది. చెయ్యి గోడమీద తడుముకుంటూ వెళ్లి కిటికీ కింద ఒకచోట ఆగింది.

డ్రైవరు వంగి, ఆవిడ వేలి కొస దగ్గర పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టాడు.

"ఇక్కడేనా?"

ఆవిడ కళ్లు మూసుకునే ఇంకోసారి చెయ్యి చాపి చూసుకుంది.

"ఇంకో జానెడు కిందికి పెట్టండి," అంది. "పదేళ్లు పోతే చెయ్యి అంత పైకి లేవదు."

డ్రైవరు మొదటి గుర్తును బొటనవేలితో చెరిపేశాడు. కళ్లు మసకబారి రెండో గుర్తు కాస్త వంకరగా వచ్చింది.